ఆరో నంబరు తలుపు

పల్నాడు జిల్లా ఏర్పడిన మరుసటి సంవత్సరం జూన్‌లో నన్ను డిప్యూటీ తహసీల్దారు హోదాలో ఒక డివిజన్ ఆఫీసుకు, అంటే ఆర్డీవో గారి కచ్చేరీకి, బదిలీ చేశారు. ఏ ఊరో చెప్పను. ఇందులో వచ్చే థియేటరు ఇప్పటికీ నడుస్తోంది, దాని యజమాని రోడ్డు మీద ఎదురుపడితే నమస్కారం పెడుతున్నాడు, ఈ వయసులో నాకు కొత్త తగాదాలు అక్కర్లేదు. మాది దుర్గి అనీ, అక్కణ్ణుంచి ఆ ఊరు చేరడానికి రెండు బస్సులు మారాలనీ మాత్రం తెలిస్తే చాలు.

నాకు అప్పగించింది మెజిస్టీరియల్ సెక్షన్. పేరు విన్నవాళ్లు ఇదేదో పెద్ద కోర్టు అనుకుంటారు. నిజానికి అందులో ఉండేవి దీపావళి మందుల దుకాణాలు, తుపాకీ లైసెన్సులు, ఊరేగింపుల అనుమతులు, సినిమా హాళ్లు. హాలుకు బి-ఫారం లైసెన్సు ఉండాలి, అది లేనిదే ఆట వేయకూడదు. కరెంటు తీగలు చూసేది ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు. గోడల బలం చూసేది ఆర్ అండ్ బి ఇంజనీరు. ఇసుక బక్కెట్లు, మంటలార్పే సిలిండర్లు చూసేది ఫైర్ వాళ్లు. వీళ్లందరి కాగితాలూ కలిపి కుట్టి, పైన మా తనిఖీ నోటు పెట్టి, ఆర్డీవో గారి సంతకంతో జిల్లా ఆఫీసుకు పంపాలి. హాలుకు వెళ్లి చూసి ఆ నోటు రాయడం డిప్యూటీ తహసీల్దారు పని.

బయటివాళ్లు నమ్మరు గాని రెవెన్యూ ఆఫీసులో కూడా ఖాళీ రోజులుంటాయి. సోమవారం అర్జీల రోజు, అది జాతర. బుధవారం నాటికి హడావుడి తగ్గుతుంది. ఆర్డీవో గారు క్యాంపు వెళ్లారంటే, అంటే ఊళ్ల మీదికి వెళ్లారంటే, ఆ పూట ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మిరప కోతలప్పుడైతే అర్జీదారులే రారు, ఎవరి కళ్లంలో వాళ్లుంటారు. అలాంటి రోజుల్లో ఒంటిగంటకు క్యారేజీ విప్పితే పది నిమిషాల్లో నా భోజనం అయిపోయేది. మిగతా యాభై నిమిషాలూ స్టాఫ్ రూములో కూర్చుంటే వేతన సవరణ గొడవ, లేకపోతే అల్లుళ్ల గొడవ. నాకు రెండూ పడవు. అందుకని ఆఫీసు వెనక సందులో నాలుగడుగులు నడిచి వచ్చేవాణ్ణి.

ఆ సందు థియేటరు వెనక నుంచి పోతుంది. ఒకవైపు థియేటరు సైకిల్ స్టాండు, ఇంకోవైపు ఒక దర్జీ కొట్టు, ఆ రెంటి మధ్యన పొడుగాటి ఇరుకు గది. బోర్డు లేదు. లోపల్నుంచి టింగు టింగుమని చప్పుడు. ఒకరోజు ఎండకు ఆగలేక నీడకోసం గుమ్మంలో నిలబడ్డాను. లోపల పాత వీడియో గేముల పెట్టెలు, మనిషి ఎత్తున, వరసగా. వాటి మధ్య స్టూలు మీద కూర్చుని ఒకాయన సోల్డరింగ్ కడ్డీతో ఏదో తీగ అతికిస్తున్నాడు. పేరు సైదులు. యాభై దాటిన మనిషి.

సైదులు ఆ థియేటరులోనే ఇరవై రెండేళ్లు ప్రొజెక్టరు ఆపరేటరుగా చేశాడు. రీళ్లు పోయి, సినిమా ఆకాశంలోంచి ఒక పెట్టెలోకి దిగడం మొదలయ్యాక మీట నొక్కడానికి ఎవరైనా చాలు, ఆపరేటరు అక్కర్లేదు. యజమాని ఈయన్ని ఉత్త చేతులతో పంపలేక వెనక గది చూపించి వాడుకోమన్నాడట. గుంటూరులో, విజయవాడలో మూతబడిన గేముల కొట్లు తిరిగి, పాడైన పెట్టెలు తెచ్చి, బాగుచేసి పెట్టుకున్నాడు. చిన్నప్పుడు వీటి మీద చేతులు అరగదీసి ఇప్పుడు పత్తి వ్యాపారం చేసుకుంటున్న వాళ్లు వచ్చేవారు. మా ఆఫీసులో పాసుపుస్తకం పని మీద వచ్చి, మధ్యాహ్నం తర్వాత కనపడమని మేం పంపేసిన రైతులూ వచ్చేవారు.

నేను పట్టుకున్నది పైనుంచి ఇటుకలు పడే ఆట. పడుతున్న ఇటుకను తిప్పి, కింద సందు లేకుండా పేర్చాలి. ఒక వరస నిండితే ఆ వరస మాయమవుతుంది. ముప్ఫై ఏళ్లు ఫైళ్లు పేర్చినవాడికి అంతకంటే ఏం కావాలి? మా ఫైళ్లు ఎంత పేర్చినా మాయం కావు. ఒకప్పుడు నరసరావుపేటలో మా అబ్బాయిని ఇలాంటి కొట్లోంచే చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. ఆ సంగతి సైదులుకి చెప్పలేదు, ఇంట్లో ఈ సంగతీ చెప్పలేదు.

అలా రెండేళ్లు. వారంలో మూడు రోజులన్నా వెళ్లేవాణ్ణి. నేను వెళ్లే వేళకు అవతల పొద్దుటాట చివరికి వచ్చేది. కొట్లాటలు, తల్లి ఏడుపులు, విలన్ చావు, అన్నీ నా పెట్టె వెనకనుంచి చెవిలో చెప్పినట్టు వినపడేవి. ఏ సినిమా మొదలూ తెలియదు, అన్నిటి ముగింపులూ తెలుసు. ఆఫీసులో ఎవరన్నా కొత్త సినిమా గురించి మాట్లాడుతుంటే చివర్లో ఏమవుతుందో చెప్పి తిట్లు తినేవాణ్ణి.

ఇప్పుడు తనిఖీ ఎలా జరిగేదో చెప్పాలి. నేను వెళుతున్నట్టు ముందుగా కబురు పంపేవాళ్లం. యజమాని గుమ్మంలో ఎదురొచ్చి తన గదిలో కూర్చోబెట్టి నిమ్మసోడా ఇప్పించేవాడు. తర్వాత ఖాళీ హాల్లోకి తీసుకెళ్లి లైట్లు వేయించేవాడు. నడుమ నిలబడి వేలితో లెక్కపెట్టేవాణ్ణి. ఆరు తలుపులు, ఆరింటి మీదా "బయటికి దారి" అని ఎర్రదీపాలు, ఆరూ వెలుగుతున్నాయి. ఆఫీసుకు వచ్చి పోయినేటి నోటు తీసి మక్కీకి మక్కీ దించేవాణ్ణి. "ఆరు ద్వారాలూ అడ్డంకులు లేకుండా ఉన్నవి. తలుపులు బయటివైపుకు తెరుచుకొనుచున్నవి." నాకు ముందున్నాయన అలాగే రాశాడు, ఆయనకు ముందున్నాయన రాసిందే ఆయన దించాడు. రెవెన్యూలో దీన్ని తప్పు అనుకోం, ఆనవాయితీ అంటాం. పాత నోటు మాట మారిస్తే పైన అడుగుతారు, మార్చకపోతే ఎవరూ అడగరు.

మూడో ఏడు మే నెల. నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. కొత్తగా వచ్చిన ఆర్డీవో చిన్న వయసు మేడం. మాట తక్కువ. లైసెన్సు రెన్యువల్‌కు గడువు దగ్గర పడింది, పై శుక్రవారం పెద్ద హీరో సినిమా విడుదల. నేను ఇంకా హాలుకు వెళ్లకుండానే చిత్తు నోటు సిద్ధం చేసి ఫైలు పైకి పెట్టాను. ఫైలు తిరిగి వచ్చింది. అంచున మేడం రాసిన ప్రశ్న: "ఒరిజినల్ ప్లానుతో సరిచూశారా? ఆరో ద్వారం ఎక్కడికి తెరుచుకుంటుంది?"

రికార్డు రూములోంచి ప్లాను తీయించాను. పాత నీలం కాగితం, మడతల్లో చిరిగిపోయి ఉంది. బల్ల మీద పరిచి స్కేలు పెట్టాను. ఆరో తలుపు తెరకు కుడివైపు. దానికి అవతల బయటికి పోయే నడవ, వెనక సందులోకి. నడవకు ఒకవైపు "సైకిల్ స్టాండు" అని రాసుంది. రెండోవైపు అప్పట్లో ఖాళీ జాగా, ఇప్పుడు దర్జీ కొట్టు.

ఆ రెంటి మధ్యన ఉన్నది ఏమిటో ఊళ్లో అందరికంటే నాకే బాగా తెలుసు. అడ్డంకులు లేవని నేను రెండుసార్లు సంతకం పెట్టిన దారిలో రెండేళ్లుగా కూర్చుని ఇటుకలు పేర్చుకుంటున్నది నేనే.

కబురు పంపకుండా హాలుకు వెళ్లాను. పొద్దుటాట వదిలిన సమయం. గేటు మనిషి కంగారుపడ్డాడు గాని ఆపలేదు. నేరుగా ఆరో తలుపు దగ్గరికి పోయి రెండు చేతులతో తోశాను. కదల్లేదు. భుజం ఆనించి తోశాను. అవతల్నుంచి టింగు టింగుమని నా ఆట పాట వినపడింది. తర్వాత సైదులు గొంతు.

"ఎవుర్రా తలుపు తోస్తన్నది?"

"నేనయ్యా" అన్నాను.

"మీరా సార్? ఇయ్యాల అటేపు నుంచి వస్తన్నారేంది?" అన్నాడు.

ఆ చీకటి హాల్లో నాకు ముందు భయమేసింది, సిగ్గు తర్వాత వచ్చింది. పెద్ద సినిమా మొదటి రోజు మా పల్నాడులో ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెర ముందు కర్పూరం వెలిగిస్తారు, కాగితాలు గుట్టలుగా ఎగరేస్తారు. ఒక్క నిప్పురవ్వ పడి జనం లేచారంటే కుడివైపు వాళ్లంతా ఈ ఎర్రదీపం చూసే పరుగెత్తుకొస్తారు. ఈ దీపం కింద దారి ఉందని రాసింది నేను.

సాయంత్రానికి యజమానికి తెలిసి ఆఫీసుకే వచ్చాడు. మూడు రోజుల్లో గది ఖాళీ చేయిస్తాననీ, నన్ను మామూలు నోటే రాసేయమనీ, ఇద్దరికీ నష్టం లేదనీ చెప్పాడు. మర్యాదగానే అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తీపిగానే వినిపించింది. రిటైరయ్యే నాటికి మన మీద విచారణ నడుస్తుంటే పూర్తి పెన్షన్ రాదు, తాత్కాలిక పెన్షన్ ఇచ్చి కూర్చోబెడతారు. ఇలా చిక్కుకుని ఏళ్లకేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను నేను చూశాను. రేపు చూద్దామని ఆయన్ని పంపేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టిందా అంటే పట్టింది, అబద్ధం ఎందుకు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి నోటు రాశాను. ఆరో ద్వారం మూసుకుపోయి ఉంది, బయట గేముల గది నడుస్తోంది, గత రెండు తనిఖీల్లో నేను ఆ తలుపు తెరిచి చూడలేదు. మూడు వాక్యాలు. మేడం చదివి నన్ను పిలిచారు. ఆ గది నడిపేదెవరో తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. ఎలా తెలుసని అడిగారు. భోజన విరామంలో అక్కడికి వెళ్లి ఆడుకుంటానని చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"అది కూడా రాయండి" అన్నారు.

రాశాను. ఆఫీసులో తెలిసి కంచే చేను మేసిందని ఒకరూ, సార్‌కి స్కోరెంతో కనుక్కోమని ఒకరూ వేళాకోళం చేశారు. మేడం జిల్లా ఆఫీసుతో ఫోన్లో మాట్లాడి, దారి తెరిచేదాకా ఆటలు ఆపమని థియేటరుకు నోటీసు ఇచ్చారు. నాకొక మెమో ఇచ్చారు, పది రోజుల్లో సంజాయిషీ రాయాలి. యజమాని కూడా జవాబు రాసి పంపాడు. గది సైదులుకు వాడుకోవడానికి ఇచ్చిన మాట నిజమేననీ, నడవకు దారి వదలమని గట్టిగా చెప్పాననీ, తనకు తెలియకుండా తలుపుకు అడ్డంగా పెట్టెలు పెట్టింది సైదులేననీ, తగిన చర్య అతని మీద తీసుకోవాలనీ అందులో ఉంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా సైదులు మీదికి వచ్చింది. ఆ జవాబు నిలబడితే గది పోవడమే కాదు, పోలీసు కేసూ అతనిదే. థియేటరు ముందువైపు టికెట్లు ఆన్‌లైన్ అయ్యాక మూతబడిన పాత బుకింగ్ కౌంటర్లు రెండున్నాయి. వాటిలో ఒక్కటన్నా ఇవ్వమని సైదులు అడిగితే, కేసులున్నవాడికి ఇవ్వనని యజమాని చెప్పేశాడట.

గురువారం మధ్యాహ్నం నేను సందులోకి వెళ్లాను. గది సగం ఖాళీ అయింది. ట్రాలీ ఆటోలోకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. సైదులు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నేను రాయక తప్పలేదని చెప్పబోయాను. అడ్డుపడ్డాడు.

"రాసింది తప్పని నేనన్లేదు సార్. ఇరవై రెండేళ్లు ఆ హాల్లో చేసినోణ్ణి, ఆ తలుపు కాడ ఏదీ పెట్టగూడదని నాకు తెలవదా? మిషన్లన్నీ ఒక పక్క గోడకే పెట్టుకున్నా. మడిసి నడిచే దారి ఉండేది. మీరొచ్చిన కొత్తల్లో, బజార్న పొయ్యేవోళ్లకి కనపడకుండా నా మిషను లోపలికెయ్యవయ్యా అన్నారు. లోపలంటే ఆ తలుపు కాడే గదా సార్."

నేను గది చివరనున్న ఆ తలుపు వైపు చూశాను.

"ఆర్డీవో ఆఫీసాయనే అడిగితే ఇంక పర్లేదులే అనుకున్నా. తర్వాతే తతిమ్మా మిషన్లు కూడా అటు జరిపా. మీరు రోజూ కూచుంటన్నారు గదా, నాకు చానా ధైర్యంగా ఉండేది."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పి మళ్లీ ఆటో దగ్గరికి పోయాడు. నేను అక్కడే నిలబడి గుర్తు చేసుకున్నాను. నిజమే, అన్నాను. ఆఫీసువాళ్లు ఎవరన్నా సందులోంచి పోతూ చూస్తారని నా భయం. అడిగి మర్చిపోయాను. మర్చిపోయాను కాబట్టి నోటులో రాయలేదు. చూడకుండా సంతకం పెట్టానని గొప్ప నిజాయితీగా రాసుకున్నవాణ్ణి, అసలు అడ్డం పెట్టించిందే నేనని రాయలేదు.

ఈ సంగతి ఇద్దరికి తప్ప మూడోవాడికి తెలియదు. సైదులు దాన్ని ఎక్కడా చెప్పలేదు, చెప్పినా యజమాని కాగితం ముందు అతని నోటిమాట ఎవరు వింటారు? ఇది రాస్తే నా మెమో చిన్న మందలింపుతో ఆగదని నాకు తెలుసు. రాయకపోతే ఎవరి మీద పడుతుందో అదీ తెలుసు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని చాలాసేపు సీలింగు ఫ్యాను చూశాను. భార్యకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను, గేముల సంగతితో సహా. ఆవిడ అంతా విని, ఆ సైదులు మిషన్లు ఇప్పుడెక్కడ పెట్టుకుంటాడని అడిగింది. నా పెన్షన్ గురించి అడగలేదు.

అనుబంధ నోటు అంటే ముందు పంపిన నోటుకు జోడించే కాగితం. అందులో రాశాను: "ఆరో ద్వారానికి ఆనించి ఉంచిన మొదటి యంత్రం నా కోరికపై అక్కడ పెట్టబడినది. దానిని చూసి అనుమతి ఉన్నదని భావించి సదరు సైదులు మిగిలిన యంత్రములను జరిపినాడు. అంతకు పూర్వము దారి వదిలియే ఉన్నది." తేదీ వేసి సంతకం పెట్టి నేనే తీసుకెళ్లి మేడం బల్ల మీద ఉంచాను. ఆవిడ రెండుసార్లు చదివారు. కూర్చోమన్నారు. ఆ ఆఫీసులో అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు.

శుక్రవారం ఉదయం మేడం స్వయంగా హాలుకు వచ్చారు. నన్ను లోపల తెర దగ్గర నిలబెట్టి తోయమన్నారు. ఆరో తలుపు సందులోకి బార్లా తెరుచుకుంది. ఆటలకు అనుమతి ఇచ్చారు. సైదులు మీద చర్య తీసుకోవాలన్న యజమాని విన్నపాన్ని నా అనుబంధ నోటు ఆధారంగా మూసేశారు. అడ్డు పోయింది గదా, కౌంటర్లు ఇవ్వడానికి ఇంకేం ఇబ్బంది అని ఆవిడ యజమానిని ఒక్క మాట అడిగారు. అది ఉత్తర్వు కాదు, ఉత్తర్వు ఇచ్చే అధికారమూ ఆవిడకు లేదు. అయినా ఆయన రెండు కౌంటర్లూ ఇచ్చాడు. తొమ్మిది మిషన్లలో అయిదే పట్టాయి. నాలుగు పాత ఇనుముకు పోయాయి. ఇటుకల ఆట ఆ నాలుగింటిలో ఉందో మిగిలిన వాటిలో ఉందో నేను అడగలేదు.

నాకు ఒక ఇంక్రిమెంటు శాశ్వతంగా కోత పడింది. విచారణ రిటైర్మెంటుకు ముందే ముగిసేలా మేడం ఫైలు నడిపించారు కాబట్టి పెన్షన్ ఆగలేదు, కాస్త తగ్గింది. ఆ కాస్తా ప్రతి నెలా తగ్గుతూనే ఉంటుంది, అది సబబే. మిగిలిన ఎనిమిది నెలల్లో ఇంకో మూడు హాళ్లు తనిఖీ చేశాను. పాత నోటు తెరవకుండా, ప్రతి తలుపూ నా చేత్తో తోసి, అవతలికి నడిచి, ఎక్కడ తేలానో రాశాను. ఇప్పుడా సెక్షన్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఆ పద్ధతి ఒక్కటే.

సర్వీసులో నేర్చుకున్న ఇంకో సంగతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ముప్ఫై ఏళ్లు నా అధికారం నా సంతకంలో ఉందనుకున్నాను. సైదులు నా సంతకం ఒక్కసారి కూడా చూడలేదు. నేను ఎక్కడ కూర్చున్నానో చూశాడు, దాన్నే ఉత్తర్వుగా తీసుకున్నాడు. మేం భోజనానికి వెళ్లాం అనుకుంటాం. ఊరు మాత్రం ఆఫీసు వచ్చింది అనుకుంటుంది.